రోలరు పక్కన స్వెటరు

రోలరు దగ్గర పనిచేసేవాళ్ళందరూ చెమటతో తడిసి ముద్దవుతుంటే ఆమె ఒక్కతే స్వెటరు వేసుకుని నిలబడి ఉంది. ఊదారంగు స్వెటరు, గొంతు దాకా బొత్తాలు పెట్టుకున్నది. హోటళ్ళ దుప్పట్లు ఉతికే ఆ లాండ్రీలో ఎండాకాలం, చలికాలం అన్న తేడా లేదు. ఆవిరి మిషన్ల పుణ్యమా అని ఏడాది పొడుగునా ఉక్కపోతే. అలాంటి చోట స్వెటరు తొడుక్కున్న మనిషిని చూసి నవ్వకుండా ఉండడం ఎవరికైనా కష్టమే. మొదట్లో నవ్వారు, "స్వెటరమ్మ" అని పేరు పెట్టారు, తర్వాత అలవాటు పడిపోయారు.

ఆమెది మడత పని. ఇస్త్రీ చేసే వేడి రోలరు లోంచి దుప్పటి బయటికి రాగానే ఈ చివర రెండు కొసలు ఆమె అందుకుంటుంది, ఆ చివర రెండు కొసలు జోడీ అందుకుంటుంది. ఒక్క విదిలింపుతో దుప్పటి బిగుసుకోవాలి. చేతులు దగ్గరికి తెచ్చి, ఎదురెదురుగా నడిచి, మధ్యలో కలిసి, కొసలు ఒకరి చేతిలోంచి ఒకరు తీసుకుని, కిందికి వేలాడే మడతను వంగి పట్టుకోవాలి. వేడి చల్లారేలోపు ఇదంతా అయిపోవాలి. ఆలస్యమైతే ముడత పడుతుంది, ముడత పడ్డ దుప్పటిని హోటలువాళ్ళు వెనక్కి కొడతారు.

ఆమె జోడీ పొడుగ్గా ఉంటుంది కాబట్టి అందరికీ "నిచ్చెన". ఆమె ఏమో పొట్టి. ఈ ఇద్దరినీ జోడీ కట్టినవాడికి బుద్ధి లేదని కొత్తలో అనుకున్నవాళ్ళే, తర్వాత వీళ్ళ మడత చూసి నోరు మూసుకున్నారు. చేతుల పని చేతులు చేసుకుపోతుంటే నోళ్ళు ఖాళీగా ఉంటాయి కాబట్టి ఇద్దరూ పొద్దస్తమానం కబుర్లు చెప్పుకునేవాళ్ళు.

ఇప్పుడు కబుర్లు తగ్గాయి. మెడలో గడ్డ ఉందని థైరాయిడ్ గ్రంథి మొత్తం తీసేసి నెలలు గడిచినా ఆమె గొంతు ఇంకా బొంగురుగానే ఉంది. గడ్డ ప్రమాదమైనది కాదని తేలింది, గాయం మానింది, కానీ మనిషి మాత్రం తేరుకోలేదు. దుప్పటి విదిలించాక ఆమె చేతులు ఒక క్షణం ఆలస్యంగా దగ్గరికొస్తున్నాయి. మధ్యలో కలవాల్సిన చోటు మెల్లిమెల్లిగా ఆమె వైపు జరిగింది. నిచ్చెన ఆ సంగతి ఎవరికీ చెప్పకుండా తనే నాలుగడుగులు ఎక్కువ వేస్తోంది.

"వదినా, ఇవాళ రక్తం రిపోర్టు ఇస్తారుగా?" అంది నిచ్చెన, కొసలు అందిస్తూ.

"ఇస్తారు. అదొస్తే నాకేమైందో తేలిపోతుంది."

"తేలితే మందు మారుస్తారు. ఈ స్వెటరు తీసుకెళ్ళి ఆ బాయిలర్లో పారేద్దాం."

ఆమె నవ్వింది. ఆ రిపోర్టు మీద ఆమె చాలా ఆశ పెట్టుకుంది. నీరసంగా ఉందంటే "అందరికీ ఉంటుంది" అంటారు, చలేస్తోందంటే నవ్వుతారు. కాగితం మీద అచ్చులో ఉంటే ఎవరూ కాదనలేరని ఆమె ధీమా.

మధ్యాహ్నం భర్త వ్యాను ఆసుపత్రి పక్కన ఆపి ఆమెతోపాటు లోపలికి వచ్చాడు. ఆయన కూడా ఆ లాండ్రీలోనే డ్రైవరు. మాసినవి తేవడం, ఉతికినవి ఇచ్చి రావడం ఆయన పని. ఒకే వీధిలోకి రెండుసార్లు వెళ్ళడమంటే ఆయన దృష్టిలో మహాపాపం. ఆసుపత్రికి రావడం కూడా ఆ వీధిలో హోటలుకి దుప్పట్లు ఇచ్చే రోజే కుదిర్చాడు.

డాక్టరు రిపోర్టు చూసి కళ్ళజోడు తీశాడు. "మాత్ర వేసుకోవడం లేదు కదమ్మా?" అన్నాడు.

ఆమెకు అర్థం కాలేదు. "వేసుకుంటున్నానండీ. రోజూ వేసుకుంటున్నాను."

"ఇదిగో, ఈ టీఎస్‌హెచ్ అనే అంకె చూడండి. నాలుగు, నాలుగున్నర దాటకూడదు. మీది ముప్పై ఎనిమిది." ఆయన కాగితాన్ని వాళ్ళ వైపు తిప్పి పెన్నుతో చూపించాడు. "ఇది మెదడు పెట్టే కేక అనుకోండి. మీకు గ్రంథి లేదు కాబట్టి మాత్రే దిక్కు. మాత్ర అందకపోతే మెదడు గట్టిగా అరుస్తుంది, ఈ అంకె పెరుగుతుంది. మీ బరువుకి సరిపడా మోతాదే రాశాను. వేసుకుంటే ఇంత అరుపు ఉండదు."

"మరి ఈ చలి, ఈ నీరసం, జుట్టు ఊడడం..."

"అన్నీ దానివల్లే. ఆపరేషన్ బాగా జరిగింది. మిగిలింది మీ చేతుల్లో ఉంది."

"నేను ఒక్కరోజు కూడా మానలేదండీ."

"చాలామంది ఇలాగే చెబుతారమ్మా," అని డాక్టరు నవ్వాడు. వెటకారంగా కాదు, చిన్నపిల్లల మాట విన్నట్టు నవ్వాడు. కసురుకుని ఉంటే ఆమె కాస్త తేలిగ్గా తీసుకునేదేమో. "మోతాదు పెంచను. ఉన్నదే సరిగ్గా వేసుకోండి. నెలన్నర తర్వాత మళ్ళీ రక్తం చూద్దాం."

ఆమె భర్త వైపు చూసింది. మీరైనా చెప్పండి అన్నట్టు చూసింది. ఆయన ఆ అంకెనే చూస్తున్నాడు.

వ్యాను సిగ్నలు దగ్గర ఆగినప్పుడు ఆయన అడిగాడు. "నిజం చెప్పు. పారేస్తున్నావా?"

"ఎందుకు పారేస్తాను?"

"రెండింట్లో ఆ పెద్ద మాత్ర గొంతు దిగడం లేదని నువ్వే అన్నావుగా."

"దిగడం కష్టంగా ఉందన్నాను. మింగనన్నానా?"

"నేను తెల్లారకముందే వెళ్ళిపోతాను. మాత్రలు గిన్నెలో పెట్టి వెళ్తాను. ఆ తర్వాత నువ్వేం చేస్తున్నావో నాకేం తెలుసు?"

వెనక హారన్లు మోగాయి. ఆయన గేరు వేశాడు. ఆమె స్వెటరు చేతులు వేళ్ళ మీదికి లాక్కుని కిటికీ వైపు తిరిగి కూర్చుంది. డాక్టరు మాటకు బాధ కలిగింది కానీ, ఈ మాటకు ఒళ్ళు మండింది.

మర్నాడు ఆయన బయల్దేరే ముందు ఆమెను లేపాడు. ఒక చేతిలో నీళ్ళ గ్లాసు, ఇంకో అరచేతిలో రెండు మాత్రలు. ఒకటి మెంతిగింజంత థైరాయిడ్ మాత్ర. రెండోది ఎముకలకని, చేతుల తిమ్మిర్లకని ఆపరేషన్ తర్వాత రాసిన కాల్షియం, సుద్దముక్కలా ఉంటుంది. ఆసుపత్రి కాగితం మీద రెండింటికీ ఎదురుగా "ఉదయం" అని ఉంది. ఒక గ్లాసు నీళ్ళతో రెండు పనులూ అయిపోతాయని ఆయనే మొదటి రోజు నుంచీ రెండూ కలిపి పెడుతున్నాడు.

ఆమె లేచి కూర్చుని రెండూ నోట్లో వేసుకుని నీళ్ళు తాగింది.

"ఏదీ, నోరు తెరువు."

ఆమె ఆయన మొహంలోకి చూసింది. హాస్యానికి అనడం లేదు.

"నాలుక ఎత్తు."

ఎత్తింది. ఆయన వంగి లైటు వెలుతురులో చూశాడు. బట్టల సంచీలో ఏమైనా మిగిలిపోయాయేమోనని చూసినట్టు అటూ ఇటూ చూసి "సరే," అన్నాడు. ఆయన వెళ్ళిపోయాక ఆమె పక్క మీదే కూర్చుండిపోయింది. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన ముందు ఎప్పుడూ పడనంత సిగ్గు పడింది. తను చేయని తప్పుకి సిగ్గుపడాల్సి రావడం ఆమెకు ఇంకా కష్టంగా తోచింది.

ఆ రోజు రోలరు దగ్గరికి వెళ్ళేసరికి స్టూలు లేదు. ఆపరేషన్ తర్వాత పనిలోకి వచ్చినప్పుడు మేస్త్రీయే ఆఫీసు గదిలోంచి ఆ స్టూలు తెచ్చి వేశాడు. దుప్పటికీ దుప్పటికీ మధ్య ఆమె దాని మీద ఒక నిమిషం కూర్చునేది. మిగతావాళ్ళు గొణిగినా మేస్త్రీ లెక్కచేయలేదు. మనిషి గట్టిగా అరుస్తాడు కానీ చెడ్డవాడు కాదు.

"నువ్వు ఇవాళ్టి నుంచి చేతిరుమాళ్ళ బల్ల దగ్గరికి వెళ్ళు," అన్నాడు మేస్త్రీ, ఆమె అడగకముందే.

"ఎందుకండీ?"

"దుప్పట్లు ముడతలు పడుతున్నాయి. నిన్న ఎన్ని వెనక్కి వచ్చాయో చూశావుగా. జబ్బు మనిషివి కదాని ఇన్నాళ్ళూ ఓర్చుకున్నాను. మందు మింగకుండా జబ్బు పెంచుకుంటానంటే నేనేం చేసేది?"

"ఎవరు చెప్పారు మీకు?"

మేస్త్రీ కాస్త ఇబ్బంది పడ్డాడు. "మీ ఆయనే చెప్పాడు, పొద్దున వ్యానులో సరుకు ఎక్కిస్తూ."

చేతిరుమాళ్ళ బల్ల గోడవారగా, సబ్బునీళ్ళ గొట్టాల పక్కన ఉంటుంది. అక్కడ జోడీ అక్కర్లేదు. ఒక్క మనిషి, ఒక్క బల్ల. రుమాలును నాలుగు మడతలు పెట్టి, అరచేత్తో ఒత్తి, దొంతర మీద వేయడం, మళ్ళీ ఇంకోటి తీసుకోవడం. పని తేలికే. అక్కడికి పంపేది మాత్రం కొత్తగా చేరినవాళ్ళను, లేదంటే ఇక పనికిరారనుకున్నవాళ్ళను. నిచ్చెనకు ప్యాకింగులోంచి ఒక కొత్తమ్మాయిని జోడీగా ఇచ్చారు. వెనక నుంచి దుప్పటి విదిలించిన చప్పుడు వస్తోంది. రెండు చివరలా ఒకేసారి లాగితే ఒక్క చప్పుడు రావాలి. వీళ్ళది రెండు చప్పుళ్ళుగా వస్తోంది. ఆమె వెనక్కి తిరగకుండా రుమాళ్ళు ఒత్తుతూ ఉంది.

సాయంత్రం ఇంట్లో చెప్పులు విప్పకుండానే అడిగింది. "మేస్త్రీతో చెప్పారా?"

"నీ మంచికే చెప్పాను. కాస్త భయం ఉంటే దారిలో పడతావని."

"నాకు భయమా? నేనేం దొంగతనం చేశాను?"

"అరవకు. గొంతు ఇంకా బాగుపడలేదు."

"గొంతు పోతే పోనివ్వండి. డాక్టరు పరాయివాడు, ఆయనకు నేను వందమందిలో ఒకదాన్ని. మీకు నేను అబద్ధం ఎప్పుడు చెప్పాను? ఒక్కటి చెప్పండి, చాలు."

ఆయన ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు. ఒక్కటీ తట్టక కూర వైపు తిరిగి గరిటెతో కలపసాగాడు.

"సరే, చూడండి," అంది ఆమె. "బాగా చూడండి. నాలుక కింద చూడండి, బుగ్గల్లో చూడండి. చూశాక ఏం చూశారో అందరికీ చెప్పండి."

ఆ తర్వాత రోజుల్లో ఆయన అడగక్కర్లేకుండానే ఆమె నోరు తెరిచి చూపించింది. అంతటితో వదల్లేదు. "కూర్చోండి, కడుపులోకి దిగనివ్వండి, మళ్ళీ కక్కేశానంటారు," అని ఆయన్ని కూర్చోబెట్టేది. ఆయన రూటు ఆలస్యమైంది. హోటళ్ళవాళ్ళు ఫోన్లు చేశారు. ఆయన కుర్చీలో కూర్చుని ఆమెనే చూస్తూ ఉన్నాడు.

అలా కూర్చుంటే, ఇన్నాళ్ళూ చీకట్లోనే బయల్దేరిపోయిన మనిషికి కొత్తగా కొన్ని కనిపించాయి. దువ్వెన నిండా జుట్టు వస్తోంది. రెండు దుప్పట్ల కింద పడుకున్నా పాదాలు చల్లగా ఉంటున్నాయి. ఒకరోజు చెప్పులో ఒక కాలు పెట్టి, రెండోది చేత్తో పట్టుకుని, గోడకానుకుని కునికిపాట్లు పడుతోంది. లేపితే "వస్తున్నా, విదిలించు," అంది, నిచ్చెన అనుకుని. డీజిలు పోస్తున్నా బండి కదలకపోతే పోసినవాణ్ణి అనం, గొట్టం చూస్తాం కదా అనుకున్నాడు. అనుకున్నాక ఇంక ఆగలేదు.

"పద," అన్నాడు ఆ మధ్యాహ్నం, రుమాళ్ళ బల్ల దగ్గరికి వచ్చి. "డాక్టరు దగ్గరికి వెళ్దాం."

"ఆ వీధిలో ఇవాళ మీకు పని లేదుగా?"

"లేకపోతే లేదు. పద."

ముందుగా చెప్పకుండా వెళ్ళినందుకు చాలాసేపు బయట కూర్చోబెట్టారు. లోపలికి పిలిచాక ఆయన కూర్చోకుండానే మొదలుపెట్టాడు.

"డాక్టరుగారూ, ఆవిడ మాత్రలు మానడం లేదండీ. నేనే సాక్షి. నా చేతులతో వేస్తున్నాను. నోరు తెరిపించి, నాలుక ఎత్తించి మరీ చూస్తున్నాను. మీ లెక్కలో ఎక్కడో తేడా ఉంది."

ఆమె తల దించుకుంది. భర్త తన తరఫున మాట్లాడుతున్నాడు. ఇన్ని రోజులుగా ఆమె కోరుకున్నది ఇదొక్కటే. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

డాక్టరు ఈసారి నవ్వలేదు. "కూర్చోండి. ఎలా వేస్తున్నారు?"

"పరగడుపునేనండీ. మీరు చెప్పినట్టే."

"అది కాదు. మొదటి నుంచీ చూపించండి."

ఆయన ఉత్సాహంగా లేచాడు. బల్ల మీది గ్లాసు అందుకున్నాడు. "ఇదిగో, ఈ చేతిలో నీళ్ళు. ఈ చేతిలో మాత్రలు, చిన్నదీ పెద్దదీ. రెండూ ఒక్కసారే నోట్లో వేసి, ఒక్క గుక్కలో..."

"పెద్దదంటే కాల్షియమా?"

"అవునండీ."

"రెండూ కలిపా? మొదటి రోజు నుంచీ?"

"రెండింటికీ ఉదయం అనే రాశారు కదండీ. మళ్ళీ మళ్ళీ ఎందుకని నేనే..."

డాక్టరు పెన్ను కింద పెట్టాడు. "కాల్షియం థైరాయిడ్ మాత్రను కడుపులోనే పట్టేసుకుంటుంది. రక్తంలోకి సరిగ్గా పోనివ్వదు. రెండింటికీ మధ్య కనీసం నాలుగు గంటల ఎడం ఉండాలి. ఆవిడ రోజూ మింగారు, కానీ చాలావరకు ఒంటికి పట్టలేదు." ఆయన ఆమె వైపు తిరిగాడు. "మొన్న నేను ఈ ప్రశ్న అడగాల్సిందమ్మా. అడక్కుండా మిమ్మల్ని అనేశాను. తప్పు నాదే."

గ్లాసు ఇంకా భర్త చేతిలోనే ఉంది. "అయితే, ఇన్నాళ్ళూ... నేనేనా?" అన్నాడు.

"ఎవరూ చెప్పకపోతే మీకెలా తెలుస్తుంది?" అన్నాడు డాక్టరు. ఆ మాట ఆయన చెవికి ఎక్కినట్టు లేదు.

ఆమెకు ముందు ప్రాణం లేచి వచ్చింది. తను చెప్పింది నిజమేనని ఒకరు పైకి అన్నారు. తర్వాత నవ్వొచ్చింది. లాండ్రీలో పొద్దున్న లేస్తే మొదట చేసే పని తెల్లవీ రంగువీ వేరుచేయడం. "రంగు చొక్కా తెల్ల దుప్పటితో కలిపి ఉతికారన్నమాట," అంది. భర్త నవ్వలేదు.

డాక్టరు కొత్త కాగితం మీద చిన్న మాత్రకు ఉదయం, పెద్దదానికి మధ్యాహ్నం భోజనంతో అని రాశాడు. ఈసారి పైకి చదివి వినిపించి, తిరిగి చెప్పమన్నాడు. చలి, నీరసం రేపటికే పోవనీ, కొన్ని వారాలు పడుతుందనీ అన్నాడు. నెలన్నర తర్వాత రక్తం చూసినప్పుడు కాల్షియం కూడా చూద్దామన్నాడు.

తిరిగి వెళ్ళేసరికి లాండ్రీలో రోలరు జోరు మీద ఉంది. భర్త వ్యాను నిలిపి, ఆమె కంటే ముందు లోపలికి నడిచి, మేస్త్రీ ఎదుట నిలబడ్డాడు. రోలరు చప్పుడులో మాట వినబడదు కాబట్టి గట్టిగా అరవాల్సి వచ్చింది. దాంతో అందరూ విన్నారు.

"ఆవిడ మాత్ర మానలేదు! నేనే తప్పుగా ఇచ్చాను! మొన్న నీకు చెప్పింది అబద్ధం!"

మేస్త్రీ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. ఆఫీసు గదిలోకి వెళ్ళిపోయాడు. కాసేపటికి స్టూలుతో బయటికి వచ్చాడు. దాన్ని రోలరు పక్కన పాత చోటే వేసి, భుజం మీది తువ్వాలుతో తుడిచాడు. క్షమించమని నోటితో అనలేదు. తుడిచిందే మళ్ళీ తుడిచాడు.

"రా వదినా," అంది నిచ్చెన, అవతలి చివర నుంచి. "ఈ పిల్ల లాగుడుకి నా భుజాలు ఊడిపోయాయి."

కొత్తమ్మాయి ముఖం ముడుచుకుని కొసలు ఆమెకు ఇచ్చింది. ఇద్దరూ విదిలించారు. ఒక్క చప్పుడే వచ్చింది. ఆమె చేతులు మాత్రం ఇంకా ఆలస్యంగానే దగ్గరికొచ్చాయి, నిచ్చెన ఇంకా నాలుగడుగులు ఎక్కువే నడిచింది. కొసలు అందిస్తూ స్వెటరు బొత్తాన్ని వేలితో తట్టి, "దీన్ని బాయిలర్లో పారేసే రోజు నాకు ముందే చెప్పాలి," అంది. చాలా రోజుల తర్వాత వాళ్ళిద్దరూ కబుర్లలో పడ్డారు.

ఆ సాయంత్రం కూడా కోపం పూర్తిగా పోలేదు ఆమెకు. మాత్రలు కలిపి ఇచ్చినందుకు కాదు, అది తెలియక చేసింది. తన మాట నమ్మనందుకు.

మర్నాడు పొద్దున ఆయన లేపలేదు. ఆమే లేచి కూర్చుంది. ఆయన అప్పటికే పక్క దగ్గర నిలబడి ఉన్నాడు, ఎంతసేపటి నుంచో తెలియదు. ఒక చేతిలో నీళ్ళ గ్లాసు. ఇంకో అరచేతిలో చిన్న మాత్ర ఒక్కటే. పెద్దదాన్ని కాగితంలో చుట్టి ఆమె భోజనం డబ్బా మీద పెట్టాడు.

ఆమె మాత్ర నాలుక మీద వేసుకుని నీళ్ళు తాగింది. గ్లాసు తిరిగిచ్చింది. ఆ తర్వాత, ఏమీ అనుకోకుండా, ఇన్ని రోజుల అలవాటు కొద్దీ తల పైకెత్తి, నోరు తెరిచి, నాలుక ఎత్తింది.

ఆయన చూడలేకపోయాడు. మొహం పక్కకి తిప్పుకున్నాడు. చెయ్యి చాచి ఆమె గడ్డం కింద వేళ్ళు ఆనించి, మెల్లిగా నోరు మూశాడు.

"వద్దు," అన్నాడు. "ఇంకెప్పుడూ వద్దు."

ఆమె పక్కకి జరిగి ఆయనకు కూర్చోవడానికి చోటిచ్చింది.